పలక కొనే ముందు స్టెన్సిల్ కోయండి: బెజవాడ ఎండలో మోనోప్రింట్ ఎంపికలు

వేసవి సెలవులు రాగానే మొగల్రాజపురంలో మా వీధి తల్లులు నన్ను అడిగే మొదటి ప్రశ్న ఒకటే. "ఆంటీ, పిల్లలతో మోనోప్రింట్లు చేయిద్దామనుకుంటున్నాం. జెల్ పలక తెప్పించమంటారా, గాజు ముక్క సరిపోతుందా?" నా జవాబూ ఒకటే. "పలక సంగతి చివర్లో చూద్దాంలే అమ్మా, ముందు స్టెన్సిల్ దేని మీద కోస్తావో చెప్పు." అడిగినవాళ్లకి కాస్త చిరాకు పుడుతుంది. ఖరీదైన వస్తువు గురించి అడిగితే ఈవిడ కాగితం ముక్కల గురించి మాట్లాడుతుందేమిటి అని.

ముద్ర బాగా పడేదీ పాడయ్యేదీ ఎక్కువగా రెండు విషయాల దగ్గరే: స్టెన్సిల్ (బొమ్మ ఆకారంలో చిల్లు కోసిన ముక్క) మందం, రంగు ఆరే వేగం. ఆ రెండూ తేలితే ఏ పలక కావాలో చాలావరకు దానంతట అదే తేలిపోతుంది. నేను ముందు పలక కొని, మిగతావి దానికి సర్దబోయి రెండు వేసవులు పోగొట్టుకున్నాను.

కొత్తవాళ్ల కోసం ఒక్క మాట. నున్నటి పలక మీద (గాజు గాని, జెల్లీలా మెత్తగా ఉండే జెల్ పలక గాని) రోలర్‌తో రంగు పల్చగా పరిచి, దాని మీద కాగితం వేసి రుద్ది ఎత్తితే వచ్చేదే మోనోప్రింట్. రంగు చాలామటుకు కాగితానికి వెళ్లిపోతుంది కాబట్టి అచ్చంగా అలాంటిదే రెండోది రాదు. 17వ శతాబ్దంలోనే ఇటలీలో కాస్తిల్యోనే ఇలా బొమ్మలు తీశాడు. 19వ శతాబ్దంలో ఫ్రాన్సులో దెగా వందల కొద్దీ చేశాడు. పండితులు మోనోటైప్ వేరు, మోనోప్రింట్ వేరు అంటారు. ప్రతిసారీ అంతా కొత్తగా గీస్తే మోనోటైప్, స్టెన్సిల్ లాంటిది ఏదైనా మళ్లీ మళ్లీ వాడితే మోనోప్రింట్. మనం చేసేది రెండోది.

ముందు కత్తెర, కట్టర్

స్టెన్సిల్ మనకి కొత్త కాదు. గుంటూరు మిర్చి యార్డులో టిక్కీల (మిర్చి బస్తాల) మీద మార్కా వేసే రేకు స్టెన్సిలే. సంక్రాంతి ముందు బజారులో అమ్మే ప్లాస్టిక్ ముగ్గు అచ్చులూ అవే. అయితే అక్కడ రంగు గాని, పిండి గాని పైనుంచి చిల్లులోకి దిగుతుంది. మోనోప్రింట్‌లో రంగు కింద ఉంటుంది, దాని మీద స్టెన్సిల్, ఆపైన కాగితం. కాగితమే చిల్లులోంచి కిందికి వంగి రంగుని తాకాలి. స్టెన్సిల్ మందంగా ఉంటే అంచు వెంబడి కాగితం గాల్లో తేలిపోతుంది. ఎత్తి చూస్తే బొమ్మ చుట్టూ తెల్లటి గీత. కొందరికి ఆ గీత ఇష్టం. నాకు కాదు.

అన్నిటికన్నా పల్చనిది, చవకది మామూలు 80 జీఎస్ఎం జిరాక్స్ కాగితం. మందం సుమారు మిల్లీమీటరులో పదో వంతు. దీని అంచు గీసినట్టు పడుతుంది. చిక్కల్లా నీళ్ల రంగులతోనే. నాలుగైదు ముద్రలకి కాగితం తడిసి, ముడుచుకుని, చివరికి చేతిలో చిరుగుతుంది. కోసే ముందు రెండు వైపులా కొవ్వొత్తి రుద్దితే ఇంకో నాలుగు ముద్రలు ఓర్చుకుంటుంది. పిల్లలకి ఇదే ఇవ్వండి. చిరిగినా ఏడవరు, ఇంకోటి కోసుకుంటారు.

మళ్లీ మళ్లీ వాడాలంటే నా ఓటు పాత ఎక్స్‌రే ఫిల్ముకే. మందం కాగితానికి దాదాపు రెండింతలే, నీళ్లలో కడిగితే కొత్తదానిలా ఉంటుంది, కట్టర్‌కి చక్కగా తెగుతుంది. ఏ ఇంట్లో చూసినా బీరువా మీద నాలుగు కవర్లు ఉంటాయి. నేను ఆరేళ్లుగా వాడుతున్న నెమలి స్టెన్సిల్ మా అత్తగారి కుడి మోకాలి మీద కోసిందే. వెలుతురులో పెట్టి చూస్తే నెమలి మెడ దగ్గర మోకాలి చిప్ప కనిపిస్తుంది. డాక్టరు ఇక ఆ ఫిల్ము అక్కర్లేదన్నాకే కోయండి. పేరు, వయసు ఉన్న అంచు ముందే కత్తిరించి పారేయండి. మూలలు గుండ్రంగా కోయడం మరవొద్దు, లేకపోతే మెత్తటి పలక మీద గీతలు పడతాయి.

రెండు మూడు రంగులు ఒకదాని మీద ఒకటి వేయాలనుకుంటే మాత్రం ఎక్స్‌రే కన్నా ఓహెచ్‌పీ షీటు (ప్రొజెక్టర్‌కి వాడే పారదర్శకపు ప్లాస్టిక్ షీటు) మేలు. అటు నుంచి ఇటు కనిపిస్తుంది కాబట్టి మొదటి రంగు ఎక్కడ పడిందో చూసుకుని రెండోది కోసుకోవచ్చు. ఒకటే ఇబ్బంది, తడి రంగు మీద జారుతుంది. రోలర్‌ని దాని మీద ఎప్పుడూ ముందుకీ వెనక్కీ తోయకండి, ఒక అంచు వేలితో నొక్కిపట్టి అక్కడి నుంచి అవతలి అంచు వైపుకే దొర్లించండి.

రెడీమేడ్ స్టెన్సిళ్ల గురించి ఎక్కువ చెప్పను. చాలావాటికి మందం ఎక్కువ, పైగా మీ ఇంట్లో పడిన సీతాకోకచిలుకే పక్కింట్లోనూ పడుతుంది. పెళ్లి శుభలేఖల అట్ట కోద్దామన్న ఆశ నాకూ ఉండేది. అదీ మందమే.

ఇక ఆకులు. ఇక్కడ కాసేపు ఆగాలి, ఎందుకంటే ఒకే ఆకు రెండు బొమ్మలిస్తుంది. పలక మీద రంగు పరిచి వేప రెమ్మ పెట్టి కాగితం వేసి రుద్దితే, రంగు మధ్యలో తెల్లటి రెమ్మ నీడ వస్తుంది. అది మొదటిది. ఇప్పుడు రెమ్మని కొనగోటితో మెల్లగా ఎత్తండి. దాని కింద రంగు ఇంకా అలాగే ఉంటుంది, అందులో ఈనెల గీతలు సన్నగా నొక్కుకుని ఉంటాయి. ఆరేలోపు రెండో కాగితం వేస్తే ఈనెలతో సహా ఆకు పడుతుంది. చాలామంది మొదటి ముద్ర తీసి, పలక తుడిచేస్తారు. అసలు బొమ్మ ఆ గుడ్డలోకి పోతుంది.

ఆకుల్లోనూ తేడాలున్నాయి. వేప రెమ్మ చదునుగా ఉంటుంది, రంపపు పళ్ల అంచు చక్కగా పడుతుంది. రావి ఆకు కొస తోక కోసమైనా ఒకసారి వేయాలి. బొప్పాయి ఆకు చూపుకి గొప్పగా ఉంటుంది గాని ఈనెలు లావు, పాలు కారుతుంది. పాత టెలిఫోన్ డైరెక్టరీలో ఒక రోజు అణచిపెట్టాకే వాడాలి. మునగాకు పెట్టకండి. ఒక్కో రెక్కా రాలి రంగులో అంటుకుపోతే ఏరుకోలేక చావాలి. ఆకులు మెత్తటి పలక మీదే బాగా పడతాయి. గాజు మీద చేత్తో రుద్దితే లావు ఈనె దగ్గర కాగితం కిందికి దిగదు. ఇదొక్కటి గుర్తుంచుకోండి, పలక ఎంచుకునేటప్పుడు పనికొస్తుంది.

రంగు, క్యాలెండరు చూసి

బెజవాడలో రంగు ఎంపిక అంటే సగం రుతువు ఎంపిక. మే నెలలో 42, 43 డిగ్రీల ఎండలో, ఫ్యాన్ కింద, గాజు మీద పల్చగా పరిచిన అక్రిలిక్ రంగు స్టెన్సిల్ సర్దేలోపే ఆరిపోతుంది. కాగితం వేసి రుద్దితే ఏమీ అంటదు, అంటినా మచ్చలు మచ్చలుగా అంటుతుంది. "రంగు మంచిది కాదేమో ఆంటీ" అంటారు. రంగు మంచిదే, ఫ్యాను ఆపండి. తెల్లవారి ఆరు గంటలకి కూర్చోండి. చెంచాడు రంగులో రెండు మూడు చుక్కల గ్లిజరిన్ కలపండి, మందుల షాపులో దొరుకుతుంది. ఆరడం కాస్త నెమ్మదిస్తుంది. ఎక్కువ పోస్తే మాత్రం ముద్ర రోజుల తరబడి జిగటగా ఉంటుంది.

అదే అక్రిలిక్ ఆగస్టు, సెప్టెంబరు ముసురులో ఎంతో మర్యాదగా ప్రవర్తిస్తుంది. పలక మీద తీరిగ్గా పని చేసుకోవచ్చు. అప్పుడు ఇబ్బంది ముద్రలతో. ఆరాయనుకుని ఒకదాని మీద ఒకటి పేరిస్తే అతుక్కుంటాయి. మధ్యలో బటర్ పేపర్ వేయండి.

పోస్టర్ కలర్ చవకే గాని, అది ఆరాక కూడా తడి తగిలితే కరుగుతుంది. ఒక్క రంగు ముద్రకి పర్వాలేదు. రెండో రంగు వేసేసరికి మొదటిది లేచి రెండూ కలిసి బురదవుతుంది. ఆ గుణాన్నే వాడుకునే దారి ఒకటుంది: అక్రిలిక్ షీటు (గాజులాంటి ప్లాస్టిక్ పలక) మీద పోస్టర్ కలర్‌తో బొమ్మ వేసి పూర్తిగా ఆరనిచ్చి, తడిపి ఒత్తిన కాగితం వేసి గట్టిగా రుద్దితే బొమ్మ కాగితం మీదికి వస్తుంది. పిల్లలకి అది గారడీలా ఉంటుంది.

నాకు అన్నిటికన్నా ఇష్టమైనది ప్రెస్ ఇంకు. పక్షపాతం ఉందని ఒప్పుకుంటాను. మా నాన్నకి గవర్నర్‌పేటలో చిన్న జాబ్ ప్రెస్ ఉండేది, ట్రెడిల్ మిషన్ చప్పుడులోనే హోంవర్క్ చేసుకున్నాను. కానీ ఇష్టానికి అసలు కారణం వేరే. ఆఫ్‌సెట్‌లో వాడే నాలుగు రంగులు, సయాన్, మెజెంటా, పసుపు, నలుపు, ఒకదాని మీద ఒకటి పడి కొత్త రంగు పుట్టించడానికే తయారయ్యాయి. పై మూడు రంగులూ పారదర్శకం. మెజెంటా కింద పసుపుంటే కుంకుమ రంగు. సయాన్ కింద పసుపుంటే చిలకపచ్చ. మెజెంటా మీద సయాన్ పడితే వంగపండు రంగు. మూడూ కలిసినచోట ముదురు గోధుమ, నీడలకి అదే చాలు. అంటే మూడు స్టెన్సిళ్లు, మూడు రంగులతో మీకు ఏడు రంగులొస్తాయి, కాగితం తెలుపుతో ఎనిమిది.

ప్రెస్ ఇంకు డబ్బా కిలో చొప్పున వస్తుంది, మనకి కావాల్సింది చెంచాడు. తెలిసిన ప్రెస్‌లో అడిగితే డబ్బా అడుగున మిగిలింది చిన్న సీసాలో పెట్టిస్తారు. ఒకసారి నేను ఒక షాపులో "ప్రింటింగ్ ఇంకు" అని అడిగి, ఇంటికొచ్చి మూత తీస్తే రబ్బరు స్టాంపు ప్యాడ్ మీద పోసే ఇంకు. నీళ్లలా గాజు మీద పారింది, నా చేయి మూడు రోజులు ఊదా రంగులో ఉంది. చెంచాతో తీస్తే తేనె కన్నా గట్టిగా, సాగుతూ రావాలి, అదే మనకి కావాల్సినది. పలక మీద ఇది గంటల తరబడి ఆరదు, మే నెలైనా సరే. కాగితం మీద ఆరడానికి మాత్రం ఒకటి రెండు రోజులు పడుతుంది. కడగడానికి కిరోసిన్ అక్కర్లేదు. వాడేసిన వంట నూనెతో తుడిచి, తర్వాత గిన్నెల సబ్బు. పిల్లలు మరీ చిన్నవాళ్లయితే దీని జోలికి పోకండి, గోడలు మీవే కదా.

అక్రిలిక్‌తో కూడా పారదర్శకపు ఆట ఆడొచ్చు, ట్యూబు చూసి కొనాలి అంతే. ఆర్టిస్టుల ట్యూబుల మీద చాలావాటికి చిన్న చతురస్రం గుర్తు ఉంటుంది. ఖాళీగా ఉంటే పారదర్శకం, నిండుగా ఉంటే కింది రంగుని కప్పేస్తుంది, సగం నిండితే మధ్యరకం. ఏ రంగులోనైనా తెలుపు కలిపారా, కప్పేస్తుంది. పిల్లల రంగుల సెట్లతో వేసిన ముద్రలు సున్నం కొట్టినట్టు మొద్దుగా ఉండటానికి అదొక కారణం.

ఒకే ఒత్తా, మూడు ఒత్తులా

రంగు ఎక్కించే దారుల్లో అతి సులువైంది రోలర్ మీదే రెండు రంగులు కలపడం. పలక మీద ఒక చివర పసుపు, ఇంకో చివర నారింజ పెట్టి రోలర్‌ని ఒకే దారిలో ముందుకీ వెనక్కీ దొర్లిస్తే మధ్యలో రెండూ మెల్లగా కలుస్తాయి. ప్రకాశం బ్యారేజీ మీద సాయంత్రం ఆకాశం ఎలా ఉంటుందో అలా. దాని మీద బ్యారేజీ గేట్ల స్టెన్సిల్ ఒకటి పెట్టి కాగితం వేయండి, స్తంభాలు తెల్లగా నిలబడతాయి. అరగంటలో పిల్లలు పది ముద్రలు తీస్తారు. మొదటి రోజుకి ఇంతకన్నా మంచి ఎంపిక లేదు.

తర్వాతది పెడన అద్దకం పద్ధతి. అక్కడ ఒక్కో రంగుకి ఒక్కో టేకు అచ్చు ఉన్నట్టు, ఇక్కడ ఒక్కో రంగుకి ఒక్కో స్టెన్సిల్, ఒకే కాగితం మీద మూడు ఒత్తులు. ఏడు రంగులొచ్చేది దీంతోనే, కాబట్టి శ్రమ ఎక్కువైనా నేను దీని పక్షమే. కాగితం ప్రతిసారీ ఒకే చోట పడాలంటే గాజు కింద ఒక తెల్ల కాగితం పెట్టి దాని మీద మూలలు గుర్తు పెట్టుకోండి. లేదా కాగితం ఒక అంచుని టేపుతో బల్లకి అంటించేయండి, పుస్తకం అట్టలా తెరిచి మూస్తే సరి. పసుపుతోనే మొదలుపెట్టండి. పసుపు రోలర్‌కి ఇంకే రంగు చుక్క అంటినా మాసిపోతుంది.

మూడో దారి కాస్త మొండిది, దానికి మన తెలుగువాడి పేరుతో ముడి ఉంది. చిత్తూరు జిల్లాలో పుట్టిన కృష్ణారెడ్డి (1925–2018) పారిస్‌లోని అతెలియే 17 అనే ముద్రణ స్టూడియోలో, దాన్ని పెట్టిన హేటర్‌తో కలిసి పనిచేస్తూ, ఇంకుల చిక్కదనంలో తేడాని వాడుకుని ఒకే లోహపు పలక మీద ఒకే ఒత్తుకి అనేక రంగులు తీసే పద్ధతిని పెంచి పోషించినవాళ్లలో ఒకడు. ఆయన చేసింది చెక్కిన పలకల మీద. దాని మూలసూత్రం మాత్రం మన గాజు ముక్క మీదా పనిచేస్తుంది. పసుపు ఇంకులో కొద్దిగా అవిసె నూనె కలిపి పల్చన చేయండి. శుభ్రమైన గాజు మీద స్టెన్సిల్ పెట్టి చిల్లుల్లో పడేలా ఆ పసుపుని దొర్లించి, స్టెన్సిల్ తీసేయండి. ఇప్పుడు నూనె కలపని గట్టి నీలం ఇంకుని ఇంకో రోలర్‌తో అంతటా దొర్లించండి. నూనె ఎక్కువున్న పసుపు గట్టి నీలాన్ని తన మీద కూర్చోనివ్వదు, ఖాళీ గాజు మీదే నీలం కూర్చుంటుంది. సరిగ్గా కుదిరితే ఒకే ఒత్తులో నీలం మధ్య పసుపు బొమ్మ. నాకు మూడు సార్లలో ఒకసారి కుదురుతుంది. మిగతా రెండుసార్లు ఆకుపచ్చ వస్తుంది, అదీ మరీ చెడ్డగా ఉండదు. ప్రెస్ ఇంకు లేకుండా దీని జోలికి పోకండి.

ఇప్పుడు పలక

కాగితం, ఓహెచ్‌పీ స్టెన్సిళ్లు, ప్రెస్ ఇంకు అనుకున్నవాళ్లకి గాజు చాలు. 5 మిల్లీమీటర్ల గాజు కోయించి అంచులు తప్పకుండా సాన పట్టించండి. పిల్లలుంటే గాజు వద్దు, నేమ్ బోర్డులు చేసే షాపుల్లో 3 మిల్లీమీటర్ల అక్రిలిక్ షీటు తుంపులు ఇస్తారు. రెండింటికీ స్టీలు గరిటె వెనకవైపుతో రుద్దాలి, చేయి నొప్పి పుట్టేదాకా. అప్పడాల కర్ర కూడా పనిచేస్తుంది గాని కాగితం జరిగే ప్రమాదం ఉంది.

ఆకులు, ఎక్స్‌రే, ఉల్లిపాయల వల సంచి ముక్కలు, అక్రిలిక్ రంగు అనుకున్నవాళ్లకి జెల్ పలక కావాలి. అది మెత్తగా ఉండి స్టెన్సిల్ మందాన్ని తనలోకి తీసుకుంటుంది, అరచేత్తో రుద్దితే చాలు. కొన్నది కావాలా, ఇంట్లో పోసుకున్నది కావాలా అన్నదే ప్రశ్న.

ఇంట్లో పోసే లెక్క చెబుతాను. ఏ5 సైజు ట్రేలో ఒకటిన్నర సెంటీమీటర్ల మందానికి 55 గ్రాముల రుచి లేని జెలటిన్ పొడి, 240 మిల్లీలీటర్ల నీళ్లు, 240 మిల్లీలీటర్ల గ్లిజరిన్. జెలటిన్‌ని పది నిమిషాలు నాననిచ్చి, సన్న సెగ మీద కరిగించి, నురుగు రాకుండా మెల్లగా కలిపి పోయాలి. పైన బుడగలుంటే కాగితం ముక్కతో లాగేయాలి. ఇది జంతువుల ఎముకలు, చర్మం నుంచి వచ్చే పదార్థమని ముందే తెలుసుకోండి. మా అత్తగారు ఆ గిన్నెని ఈనాటికీ వంటింట్లోకి రానివ్వరు. దాని బదులు చైనా గ్రాస్‌తో పోసి చూశాను. గట్టిపడింది గాని రెండో ముద్రకే పలుకులుగా విరిగింది.

ఇక వేసవి సంగతి. నా మొదటి జెలటిన్ పలకని ఒక మే నెల మధ్యాహ్నం మేడ మీద గదిలో వదిలేసి కిందికి భోజనానికి వెళ్లాను. వచ్చేసరికి ఒక మూల పెసరట్టు పిండిలా జారి బల్ల అంచు దాకా వచ్చింది. దాని మీద పెట్టిన రావి ఆకు కూడా దాంతోపాటే ప్రయాణం చేసింది. ఒక మంచి ఏమిటంటే మళ్లీ కరిగించి పోసుకోవచ్చు. కాబట్టి జూన్ ముసురు దాకా ఆగగలిగితే, లేదా ఏసీ గది ఉంటే, ఇంట్లోదే పోసుకోండి. ఎండాకాలంలోనే చేయాలంటే కొన్నదే మేలు. అందులో జెలటిన్ ఉండదు, మన ఎండకి కరగదు, శాకాహారులకీ అభ్యంతరం లేదు. ఖరీదు గుచ్చుకుంటుంది, కాబట్టి చిన్న సైజుతో మొదలుపెట్టండి. పార్సిల్ రాగానే ఫోన్‌లో వీడియో తీస్తూ విప్పండి. నాకొచ్చిన పెద్ద పలక మధ్యలో బొటనవేలంత సొట్ట ఉంది. అమ్మినవాళ్లు "వాడాక పడి ఉంటుంది మేడం" అన్నారు. ఆ సొట్ట ఇప్పటికీ నా ప్రతి ముద్రలో చందమామలా వస్తుంది.

జెల్ పలక మీద కట్టర్ పెట్టకండి, నిగనిగలాడే ఫొటో పేపర్ వేయకండి. అది ఒకసారి అతుక్కుంటే పలక పొరతో సహా ఊడి వస్తుంది. కాగితం సంగతికొస్తే, 100 నుంచి 120 జీఎస్ఎం ఉన్న నునుపుది హాయిగా పనిచేస్తుంది. గుంటూరు వైపు నుంచి వచ్చే ఒక అమ్మాయి పాత క్యాలెండరు కాగితాల వెనకవైపు వాడుతుంది. మ్యాట్ రకమైతే అదీ బాగానే ఉంటుంది.

ముద్ర ఆరాక కింద పెన్సిల్‌తో 1/1 అని రాసి సంతకం పెట్టండి, అలాంటిది ఇంకోటి లేదని దానర్థం. రెండో ముద్రలని పారేయకండి, లేత రంగులో ఉంటాయి కాబట్టి వాటి మీదే మళ్లీ ఇంకో స్టెన్సిల్ వేయొచ్చు. స్టెన్సిళ్లని కడిగి, ఆరబెట్టి, పాత వారపత్రికల మధ్య చదునుగా పెట్టి దాచండి. మా నెమలి ఒకసారి చుట్టి పెట్టినందుకు ఇప్పటికీ తోక ఎత్తే ఉంటుంది, ముద్ర వేసేటప్పుడు ఆ తోక మీద వేలు పెట్టి ఉంచాల్సి వస్తోంది.